సీరియల్ వాళ్ళకి మూగ కావాలి, చెవుడు మాత్రం వద్దు

మన తెలుగు సీరియల్ మొత్తం చెవుల మీదే నడుస్తదని ఎప్పుడైనా గమనించారా? అత్త ఫోన్లో ఎవరితోనో కుట్ర మాట్లాడుతుంటే తలుపు చాటున ఎవరో ఒకరు వినాలి, అదీ సగమే వినాలి, అసలు ముక్క చెప్పే టైంకి అక్కడి నుంచి వెళ్ళిపోవాలి, ఇక ఆ సగం విన్నదాంతో నెలల తరబడి లాగాలి. వంటింట్లో గిన్నె పడిన చప్పుడుకి హాల్లో ఉన్న పదిమందీ ఒకేసారి తిరగాలి. ఎవరూ చాటుగా వినకపోతే కథే లేదు. అలాంటి ఇంట్లోకి నిజంగా వినపడని అమ్మాయిని కోడలిగా తెస్తే రైటర్‌కి పని కష్టమైపోతది, అందుకని మనోళ్ళు ఒక అడ్డదారి పట్టుకున్నారు. హీరోయిన్‌ని మూగదాన్ని చేస్తారు, చెవులు మాత్రం అందరికంటే బాగా పనిచేస్తాయి.

స్టార్ మాలో 2018లో మొదలైన మౌనరాగం గుర్తుందా, అందులో అమ్ములు మాట్లాడలేదు కానీ అన్నీ వింటది. ఇంకా వెనక్కి పోతే 1976లో విశ్వనాథ్ గారి సిరిసిరిమువ్వలో జయప్రద క్యారెక్టర్ కూడా అంతే, మాట రాదు, పాట వినపడుతుంది, అద్భుతంగా డాన్స్ చేస్తది. ఆ సినిమాని నేనేం అనట్లేదు, అంటే మా అమ్మ ఇంట్లోకి రానివ్వదు. కథ రాసేవాళ్ళకి దాంట్లో ఉన్న సౌకర్యం మాత్రం అర్థమవుతుంది, విలన్ ప్లాన్ మొత్తం విన్నది, ఎవరికీ చెప్పలేదు, కళ్ళ నిండా నీళ్ళు, టెన్షన్ దానంతటదే వచ్చేస్తది. బయట చూస్తే మాత్రం చిన్నప్పటి నుంచి మాట రానివాళ్ళలో చాలామందికి గొంతులో ఏ లోపమూ ఉండదు, వినపడలేదు కాబట్టి మాట రాలేదు, అంతే. 2011 జనాభా లెక్కల్లో వినికిడి లోపం ఉన్నవాళ్ళు దేశంలో 50 లక్షల పైనే, మాట లోపం కింద రాసుకున్నవాళ్ళు దాదాపు 20 లక్షలు. టీవీలో చూస్తే ఈ లెక్క తలకిందులుగా ఉంటది.

ఇదంతా నాకెందుకంటే, మా చిన్నమ్మ కూతురికి పుట్టుకతోనే వినపడదు. మలక్‌పేటలో ఉంటారు. చిన్నమ్మకి సీరియల్ పిచ్చి, చెల్లికి దాన్ని చూసి నవ్వుకునే పిచ్చి, నేను వెళ్ళినప్పుడల్లా ఇద్దరి మధ్యలో కూర్చుంటా. ఒకసారి ఏదో సీరియల్లో వినపడని అమ్మాయి పాత్ర వచ్చింది, మొదటిసారి సైన్ లాంగ్వేజ్‌లో, అంటే చేతి సైగల భాషలో, చెప్పడానికి చేతులు లేపింది, లేపగానే కెమెరా ముఖం మీదకి పోయింది. మూడుసార్లు జూమ్, మూడుసార్లు ఢాం ఢాం ఢాం, తర్వాత మామగారి ముఖం, ఆడపడుచు ముఖం, పనమ్మాయి ముఖం. అమ్మాయి భుజాలు కదులుతున్నాయి, అంటే కింద చేతులతో ఏదో చెప్తూనే ఉంది, ఏం చెప్తుందో మాత్రం మనకి కనపడదు. మా చెల్లి లేచెళ్ళి టీవీ కింద టేబుల్ మీదంతా వెతికింది, ఏంటే అంటే, చేతులు ఇక్కడెక్కడైనా పడ్డాయేమో చూస్తున్నా అంది. చిన్నమ్మకి కోపమొచ్చింది, నాకు మాత్రం నవ్వాగలేదు.

నవ్వు సంగతి పక్కన పెడితే నా కంప్లయింట్ మొత్తం ఆ ఒక్క షాట్‌లోనే ఉంది. సైన్ లాంగ్వేజ్‌లో చేతులొక్కటే కాదు, ముఖం, కనుబొమ్మలు, భుజాలు, మనిషి ఒళ్ళు తిప్పే తీరు అన్నీ కలిసి మాట్లాడతాయి. అడుగుతున్నారా చెప్తున్నారా అన్నది చాలాసార్లు కనుబొమ్మల్లోనే తెలుస్తది. కాబట్టి నడుము నుంచి తల దాకా ఫ్రేమ్‌లో ఉండాలి, ఆ మనిషి చెప్పడం అయ్యేదాకా కట్ చెయ్యకూడదు. అంటే డైలాగ్ మధ్యలో మైక్ ఆపరు కదా, ఇదీ అంతే. ఆమెకి ఏడవడానికి ముఖం ఇచ్చారు గానీ మాట్లాడ్డానికి చోటు ఇవ్వలేదు.

పొరపాటున చేతులు కనపడినా అది డంబ్ షరాడ్స్ లాగా ఉంటది. పెళ్ళి అంటే మెడలో తాళి కట్టినట్టు, అన్నం అంటే నోటికి చెయ్యి, మిగతాదంతా గుండె మీద చెయ్యి వేసుకుని కన్నీళ్ళు. ఇండియన్ సైన్ లాంగ్వేజ్‌కి సొంత వ్యాకరణం ఉంది, అమెరికా సైన్‌కి మనదానికి సంబంధం లేదు, వాళ్ళు ఇంగ్లీష్ అక్షరాలు ఒక చేత్తో చూపిస్తే మన దగ్గర రెండు చేతులు కావాలి. ఢిల్లీలో 2015లో దీనికోసమే ఒక జాతీయ సంస్థ పెట్టారు, వాళ్ళ డిక్షనరీ 2018లో 3,000 పదాలతో వచ్చి 2021కి 10,000 పదాలయ్యింది, వీడియోలు యూట్యూబ్‌లో ఫ్రీగా ఉన్నాయి. అంత దూరం ఎందుకు, అలీ యావర్ జంగ్ పేరు మీద ఉన్న వినికిడి సంస్థ వాళ్ళ రీజినల్ సెంటర్ మన సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోనే ఉంది, సీరియల్ వాళ్ళుండే కృష్ణానగర్ నుంచి గంట కూడా పట్టదు (ట్రాఫిక్ లేనప్పుడు, అంటే రాత్రి పన్నెండుకి).

ఇంకోటి లిప్ రీడింగ్. సీరియల్లో, సినిమాల్లో వినపడని మనిషి అంటే ఎదుటివాళ్ళ పెదాలు చూసి పేరా పేరా చదివేస్తారు, చీకట్లో, పక్క నుంచి, మీసాల చాటు నుంచి కూడా. అద్దం ముందు నిలబడి గొంతు రాకుండా పాప, బాబా, మామ అని అనుకుని చూడండి. మూడూ ఒకటే. ప, బ, మ మూడింటికీ పెదాలు ఒకేలా మూసుకుంటాయి, క, గ అయితే గొంతు దగ్గరే అయిపోతాయి, బయటికి ఏమీ కనపడదు. మా చెల్లి తెలిసిన మనిషి, తెలిసిన విషయం, మంచి వెలుతురు ఉంటే బాగానే పట్టేస్తది, కొత్తవాళ్ళతో మాత్రం ఫోన్ తీసి టైప్ చెయ్యమంటది. అదేం గొప్ప డ్రామా కాదు కాబట్టి టీవీలో చూపించరు.

అసలు ఇంట్లో ఎలా ఉంటదో తెలిస్తే కావల్సినన్ని సీన్లు దొరుకుతాయి. పిలవాలంటే లైట్ స్విచ్ రెండుసార్లు వేసి ఆర్పుతారు, లేదా మంచం మీద చెయ్యి కొడతారు. ఒక్కొక్కరికీ ఒక సైన్ పేరు ఉంటది, చిన్నమ్మ పేరు ముక్కుపుడక, నా పేరు కళ్ళజోడు, నేను లెన్స్‌కి మారి చాలా రోజులైనా పేరు మాత్రం మారలేదు. మలక్‌పేట మెట్రో స్టేషన్‌లో చెల్లి ఈ ప్లాట్‌ఫామ్ మీద, దాని ఫ్రెండ్ పట్టాలకి అవతల ప్లాట్‌ఫామ్ మీద, రైలు వచ్చేదాకా హాయిగా ముచ్చట్లు పెట్టుకుంటారు, పక్కన మనం గొంతు చించుకున్నా అవతలికి ఒక్క ముక్క చేరదు. ఇప్పుడు ఇదే అమ్మాయిని ఫంక్షన్ హాల్లో పెళ్ళి స్టేజీ మీద నిలబెట్టి, అవతల చివర భోజనాల దగ్గర ఉన్న ఫ్రెండ్‌తో అత్తగారి ఎదురుగానే అత్తగారి గుట్టు మొత్తం చెప్పించండి. చాటుగా వినే సీన్ కంటే ఎంత బాగుంటది!

ఆపరేషన్ ఎపిసోడ్ గురించి కూడా చెప్పాలి, అది లేకుండా ముగించరు కదా. తలకి కట్టు విప్పుతారు, గుడి గంట మోగుతది, అమ్మాయి "అమ్మా" అంటది, అయిపోయింది. కాక్లియర్ ఇంప్లాంట్ (లోపలి చెవిలో పెట్టే వినికిడి పరికరం) అయితే ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలకి గానీ మిషన్ ఆన్ చెయ్యరు, చెవి వెనక ప్రాసెసర్, తలకి అయస్కాంతంతో అతుక్కునే కాయిల్ ఎప్పుడూ పెట్టుకోవాలి, మొదట్లో వినపడేది మనిషి గొంతులా కూడా ఉండదు, ఏళ్ళ తరబడి థెరపీ చేయించాలి. చిన్న పిల్లలకి తొందరగా చేస్తేనే బాగా పనిచేస్తది, అందుకే ఆరోగ్యశ్రీలో కూడా చిన్న పిల్లలకే ఇస్తారు. పుట్టుకతో వినపడకుండా పెద్దయిన హీరోయిన్‌కి పెట్టి అదే రోజు పాట పాడించడం కుదరదు.

కారణాల దగ్గర కూడా వీళ్ళు గమ్మత్తు చేస్తారు. చెవుడు అంటే శాపం, విషప్రయోగం, లేదా చిన్నప్పటి యాక్సిడెంట్. నిజానికి గర్భంలో ఉన్నప్పుడు తల్లికి రుబెల్లా రావడం, పసితనంలో మెదడు పొరల వాపు (మెనింజైటిస్) లాంటి జబ్బులు, వంశంలో వచ్చే జన్యువులు ఇవన్నీ ఉంటాయి, మేనరికాల్లో ఆ జన్యువులు రెండువైపుల నుంచీ కలిసే అవకాశం ఎక్కువ. కానీ సీరియల్‌కి బావా మరదళ్ళ పెళ్ళే పెద్ద పండగ, దాని జోలికి ఎవరు పోతారు చెప్పండి.

బయట దేశాల్లో అన్నీ గొప్పగా తీశారని కాదు గానీ, చేతులకి చోటిస్తే ఏమవుతుందో అక్కడ చూడొచ్చు. అమెరికాలో స్విచ్డ్ ఎట్ బర్త్ అని ఒక సీరియల్, 2013 మార్చిలో ఒక ఎపిసోడ్ దాదాపు మొత్తం సైన్ లాంగ్వేజ్‌లోనే తీశారు, తమ స్కూల్ కోసం పిల్లలు గొడవకి దిగే కథ అది. ఓన్లీ మర్డర్స్ ఇన్ ద బిల్డింగ్‌లో 2021లో ఒక ఎపిసోడ్ మొత్తం వినపడని కుర్రాడి వైపు నుంచి నడుస్తది, మాటలు దాదాపు ఉండవు, ఆ పాత్ర వేసిన జేమ్స్ కేవర్లీకి నిజంగానే వినపడదు. పైగా అది మర్డర్ కథ, ఎవరూ ఆ కుర్రాణ్ణి చూసి అయ్యో పాపం అనుకునే తీరిక కూడా ఇవ్వరు, వాడూ తప్పులు చేస్తాడు. మనకి మాత్రం దేవత కావాలి, లేదంటే చెప్పింది ఒకటైతే ఇంకోటి విని అందరినీ నవ్వించే తాతయ్య కావాలి. 2024 జులైలో సుప్రీంకోర్టు సినిమాల్లో వైకల్యం ఉన్నవాళ్ళని చూపించే తీరు మీద తీర్పు ఇచ్చింది, వైకల్యాన్ని అర్థం చేసుకోడానికి పనికొచ్చే హాస్యం వేరు, మనిషిని తక్కువ చేసే హాస్యం వేరు అని, రాసేముందు వాళ్ళని కూడా కలుపుకోవాలి అని. మన తాతయ్య కామెడీ ఏ లెక్కలోకి వస్తదో మీరే చూసుకోండి.

ఇన్ని చెప్పాక, మా చెల్లిని ఏం మారిస్తే బాగుంటదే అని అడిగా, హీరోయిన్ గురించి ఏదో అంటదనుకున్నా. అది అడిగింది సబ్‌టైటిల్స్. తెలుగులో, అక్షరాలు కాస్త పెద్దగా. 2019లోనే కేంద్ర సమాచార ప్రసార శాఖ వినపడనివాళ్ళ కోసం టీవీ ప్రోగ్రామ్స్‌లో క్యాప్షన్లు, సైన్ లాంగ్వేజ్ ఎలా ఉండాలో ప్రమాణాలు పెట్టింది, మా చిన్నమ్మ చూసే సీరియల్‌కి మాత్రం ఇప్పటికీ కింద ఒక్క అక్షరం రాదు. వినపడని కోడలి కథ వచ్చినా సరే, వినపడనివాళ్ళు ఆ కథ చూడాలంటే పక్కన చిన్నమ్మో నేనో కూర్చుని చేతులతో చెప్పాల్సిందే. డైలాగులు ముందే ఎవరో కూర్చుని తెలుగులో రాస్తున్నారు కదా, ఆ రాసిందాన్నే టైప్ చేయించి స్క్రీన్ కింద వేస్తే మొదటి పని అయిపోతది, చేతుల షాట్ సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.