కళ్లజోడు పెట్టుకున్న వుల్వరిన్

రాత్రి ‘లోగన్’ అనే హాలీవుడ్ సూపర్‌హీరో సినిమా మళ్లీ చూశాను. 2017లో వచ్చినప్పుడు ఫైట్ల కోసం చూశా. ఈసారి ఫైట్లు వస్తుంటే ఫోన్ చూసుకున్నాను, ఒట్టు. వుల్వరిన్‌గా వేసిన హ్యూ జాక్‌మన్ చదవడానికి కళ్లజోడు పెట్టుకుంటాడు. పిడికిట్లోంచి రావాల్సిన కత్తుల్లో ఒకటి సరిగ్గా బయటికి రాదు. లిమోజిన్ నడుపుకుంటూ, తొంభై దాటిన తన గురువు ఛార్లెస్‌కి మందులు పట్టుకొస్తుంటాడు. ఆ పెద్దాయన తిడతాడు, మాత్ర వేసుకోనంటాడు. దర్శకుడు మ్యాన్‌గోల్డ్ దాన్ని తొందరపడకుండా చూపిస్తాడు. స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ నామినేషన్ ఊరికే రాలేదు.

ముసలాయన్ని చేతుల్లో ఎత్తుకుని మంచం మీదికి చేరుస్తాడు చూడండి, అక్కడ ఆపేశాను. నాన్న మాత్ర టైమ్ దాటిపోయింది. లేపితే ఆయనా తిట్టారు.