ఆ డబ్బు ఏ నెల అద్దె?

ఒకప్పుడు రెండు నెలలు జీతం అందక నేను అద్దె బాకీ పడ్డాను. పాత బాకీకి ఇంటి యజమాని నోటిమాటగా గడువిచ్చారు. మూడో నెలలో ఒక నెల అద్దెకు సరిపడే మొత్తాన్ని ఆయన ఖాతాలో జమ చేసి, ఇక నుంచి సక్రమంగా కడుతున్నట్టేనని స్థిమితపడ్డాను. ఆయన మాత్రం ఆ సొమ్మును మొదటి నెల బాకీ కింద రాసుకుని, మూడో నెల అద్దె కూడా చెల్లించలేదు కనుక ఇల్లు ఖాళీ చేయాలని నోటీసు పంపారు. ఎవరి పుస్తకంలో చూసినా మిగిలిన బాకీ రెండు నెలలే. నా లెక్కలో అది గడువున్న పాత అప్పు, ఆయన లెక్కలో అది కొత్తగా మాట తప్పడం.

కోపం చల్లారాక నేను 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 59, 60, 61 సెక్షన్లు చదివాను. సొమ్ము ఏ అప్పు కింద ఇస్తున్నాడో బాకీదారు చెబితే, పుచ్చుకున్నవారు దానికే జమ కట్టాలి. అతడు చెప్పకపోతే, సందర్భాన్ని బట్టి కూడా తెలియకపోతే, ఆ ఎంపిక అప్పిచ్చినవారిది. ఇద్దరూ ఏదీ తేల్చకపోతే పాత బాకీ ముందు తీరుతుంది. జమ చేసేటప్పుడు నెల పేరు ఒక్కటి రాసి ఉంటే వాదం నాదయ్యేది, రాయలేదు కనుక బలం ఆయన వైపే ఉంది.

నోటీసు తర్వాత నేను పంపిన డబ్బును ఆయన తిప్పి పంపినప్పుడు అది కక్ష అనుకున్నాను. అందులో వేరే లెక్క ఉందని చాలా ఏళ్ల తర్వాత, నేనే ఒక ఇల్లు అద్దెకిచ్చినప్పుడు, అర్థమైంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 113వ సెక్షన్ ఇచ్చే ఉదాహరణ ప్రకారం, నోటీసు గడువు ముగిశాక, ఆ తర్వాతి కాలపు అద్దెను యజమాని పుచ్చుకుంటే ఆ నోటీసు రద్దయినట్టే. డబ్బు తీసుకుంటే కేసు చెడుతుందన్న భయం ఒకవైపు, తీసుకోకపోతే ఇంటి అప్పు వాయిదా ఆగుతుందన్న బెంగ మరోవైపు ఉన్న యజమానిని దురాశాపరుడనడం అన్నిసార్లూ న్యాయం కాదు.

అయితే తాళం మార్చడం, నీళ్లు ఆపడం మాత్రం ఏ బాకీకీ జవాబు కాదు. అనుమతి లేకుండా, చట్టప్రకారం కాకుండా వెళ్లగొట్టిన వ్యక్తి, ఆస్తి హక్కు ఎవరిదన్న ప్రశ్నతో పని లేకుండా, 6 నెలల్లోగా దావా వేసి స్వాధీనం తిరిగి కోరవచ్చునని 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టం 6వ సెక్షన్ చెబుతోంది. బాకీ కారణంగా లీజు రద్దయిందని యజమాని కోర్టుకెక్కినా, విచారణ నాటికి అద్దెదారు మొత్తం బాకీని వడ్డీతో, దావా ఖర్చులతో చెల్లిస్తే ఖాళీ చేయించకుండా ఊరటనిచ్చే అధికారం ఆస్తి బదిలీ చట్టం 114వ సెక్షన్ కింద కోర్టుకు ఉంది. ఫ్రాన్సులోనైతే తీర్పు వచ్చాక కూడా నవంబరు 1 నుంచి మార్చి 31 వరకు సాధారణంగా ఎవరినీ వీధిన పడేయరు. బాకీ వసూలు వేరు, మనిషిని గూడు నుంచి కదిలించడం వేరు అన్న తేడాను ఈ నియమాలన్నీ పాటిస్తున్నాయి.

అడ్వాన్సు ఉంది కదా, అందులో పట్టుకోమని నేనూ అన్నాను. ఒప్పందంలో అలా రాసుకోకపోతే ఆ మాట సాధారణంగా చెల్లదు. ఆ సొమ్ము మరమ్మతులకూ చివరి లెక్కలకూ పూచీ.

మా తగవు కోర్టు దాకా వెళ్లలేదు. ఒక సాయంత్రం ఆయన తన పుస్తకం, నేను నా బ్యాంకు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని, ఏ తేదీన ఎంత కట్టాలో రాసి ఇద్దరం సంతకాలు చేశాం. నోటీసును ఆయన రాతపూర్వకంగా ఉపసంహరించుకున్నారు. గడువు నోటితో ఇచ్చిన తప్పు తనదేనని వెళ్తూ వెళ్తూ అన్నారు. నెల పేరు రాయని తప్పు నాదని నేను అనేలోపే మెట్లు దిగిపోయారు.