వంశవృక్షంలో కొమ్మలు మళ్లీ కలిసినప్పుడు

డార్విన్ 1837లో తన నోటుపుస్తకంలో గీసుకున్న చెట్టు నుంచి నేటి వరకు జీవపరిణామాన్ని చెట్టుగానే ఊహించుకుంటూ వచ్చాం. ఆ చెట్టులో కొమ్మలు విడిపోతాయే గాని మళ్లీ కలవవు. రొట్టె గోధుమ దగ్గర ఈ నియమం చెల్లదు, ఎందుకంటే దాని 42 క్రోమోజోములు మూడు వేర్వేరు గడ్డిజాతుల వంశాల నుంచి సంకరం ద్వారా వచ్చి ఒకే కణంలో చేరాయి. బాక్టీరియాల మధ్య జన్యువులు చేతులు మారడం, ఫ్లూ వైరస్ తన ఎనిమిది ఆర్‌ఎన్‌ఏ ముక్కలను ఇంకో రకంతో మార్చుకోవడం కూడా ఇటువంటివే. వీటికి చెట్టు చాలదు, నెట్‌వర్క్ కావాలి.

దాన్ని దత్తాంశం నుంచి రాబట్టే తీరు నాలుగు జీవులతోనే అర్థమవుతుంది. వాటి మధ్య ఆరు దూరాలుంటాయి, అంటే జన్యుపరంగా ఏ రెండింటి మధ్య ఎంత తేడా ఉందో చెప్పే అంకెలు. నాలుగింటినీ రెండు జంటలుగా విడదీసి, ఆ జంటల లోపలి దూరాలను కూడితే మూడు మొత్తాలు వస్తాయి. దూరాలు చెట్టుకు సరిగ్గా అమరితే ఆ మూడింటిలో పెద్దవి రెండూ సమానంగా ఉండాలి. వాస్తవ దత్తాంశంలో ఆ సమానత్వం అరుదు. అప్పుడు రెండు జంటలనూ కలిపే చెట్టు మధ్యగీత ఉండవలసిన చోట ఒక పెట్టె వస్తుంది, ఆ రెండు పెద్ద మొత్తాల తేడాలో సగమే దాని ఒక భుజం. బ్రయంట్, మౌల్టన్ 2002లో ప్రతిపాదించిన నైబర్‌నెట్ పద్ధతి ఇలాంటి పెట్టెలను ఎన్నో జీవులకు కలిపి గీస్తుంది. అయితే ఆ పెట్టె మూలలను పూర్వీకులుగా చదవడం తప్పు. దత్తాంశంలో పొంతన లేదని మాత్రమే అది చెబుతుంది, కారణం చెప్పదు.

అసలు చిక్కు కారణం దగ్గరే ఉంది. జాతులు త్వరత్వరగా విడిపోతే, సంకరమే లేకున్నా, పూర్వీక జనాభాలోని పాత వైవిధ్యం వల్ల కొన్ని జన్యువుల చెట్లు (ఒక్కో జన్యువు వంశక్రమాన్ని చూపేవి) జాతుల చెట్టుతో విభేదిస్తాయి. కాని మూడు జాతుల విషయంలో ఇలా విభేదించే రెండు రకాల చెట్లూ దాదాపు సమాన సంఖ్యలో రావాలి. ఒకటి స్పష్టంగా ఎక్కువైతే జన్యుప్రవాహం, అంటే ఒక జాతి జన్యువులు సంకరం ద్వారా మరో జాతిలోకి చేరడం, జరిగిందని అనుమానించవచ్చు. నియాండర్తల్ జన్యువులు ఆఫ్రికా బయటి మానవుల్లో ఉన్నాయని 2010లో చూపినప్పుడు ఈ తర్కమే ఒక ముఖ్యాధారం. పూర్వీక జనాభా ముందే విడివిడి గుంపులుగా ఉన్నా ఇదే అసమానత రావచ్చు గనుక, ఈ ఒక్క పరీక్షతో తీర్పు చెప్పడం నాకు తొందరపాటుగానే తోస్తుంది.

లెక్కింపు భారం మరో సంగతి. రెండు చెట్లను అతి తక్కువ సంకర ఘటనలతో ఒకే నెట్‌వర్క్‌లో ఇమడ్చడం సైతం ఎన్‌పీ-హార్డ్ సమస్య (పరిమాణం పెరిగితే వేగంగా పరిష్కరించే మార్గమేదీ తెలియని రకం) అని బోర్డెవిచ్, సెంపుల్ 2007లో నిరూపించారు. అందుకే 2016లో వచ్చిన స్నాక్ పద్ధతి మొత్తం సంభావ్యతను లెక్కించకుండా, నాలుగేసి జీవుల గుంపుల సంభావ్యతలను కలిపి అంచనా వేస్తుంది. అదీ కొమ్మలు మళ్లీ కలవడంతో ఏర్పడే వలయాలు ఒకదానితో ఒకటి ముడిపడకుండా ఉన్న నెట్‌వర్క్‌లకే పరిమితం. సంకర ఘటనను జోడించిన కొద్దీ దత్తాంశంతో పొంతన మెరుగవుతుందే గాని తగ్గదు కాబట్టి, సున్నాతో మొదలుపెట్టి ఒక్కొక్కటే చేరుస్తూ, ఆ పొంతనను కొలిచే స్కోరు చెప్పుకోదగ్గంతగా మారడం మానేసిన చోట ఆపుతారు.