నర్సమ్మ ఉత్తరం, కనిగిరి ఎండ

వేసవి సెలవులకి బడి మూసేముందు అక్కడి నర్సమ్మ పిల్లల చేత పంపిన కాగితం ఇంకా నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది. టెక్సాస్ నుంచి మా ఊరు కనిగిరి దాకా వచ్చేసింది, నాలుగు మడతలు పడి, ఒక మూల ఆవకాయ నూనె మరకతో. ప్రతి మేలో వస్తుంది ఇది. లైబ్రరీ పుస్తకాలు తిరిగివ్వండి, పోగొట్టుకున్న జాకెట్లు, నీళ్ళ సీసాలు బల్ల మీద పెట్టాం, తీసుకెళ్ళకపోతే దానమిచ్చేస్తాం, ఆటల రోజు సన్‌స్క్రీన్ ఇంట్లోనే రాసి పంపండి, కిండర్‌గార్టెన్‌లో చేరే పిల్లల టీకాల కాగితాలు సరిచూసుకోండి... ఇట్లా సాగి సాగి, చివర్లో లావు అక్షరాల్లో ఒక మాట. నర్సు గదిలో ఉన్న మందులు చివరి రోజులోపు పెద్దవాళ్ళే వచ్చి తీసుకెళ్ళాలి, పిల్లల చేతికివ్వం, మిగిలినవి పారేస్తాం.

నిజంగానే పారేస్తారు. రెండేళ్ళ క్రితం మావాడి ఉబ్బసం ఇన్హేలర్ పారేశారు. తప్పు నాదే, ఆ వారం సూట్‌కేసులు తూకం వేసుకోవడం, అందరికీ చాక్లెట్లు కొనుక్కోవడం తప్ప నాకు ఇంకోటి కనపడలేదు. ఇంట్లో ఉన్న రెండోది సగం అయిపోయింది, సరిపోతుందిలే అనుకుని ఎక్కేశాం విమానం. చెన్నైలో దిగి, నెల్లూరులో మా పిన్ని వాళ్ళింట్లో భోజనం చేసి, మలై కాజాలు కట్టించుకుని ఊరికి చేరేసరికి రాత్రయింది. నాలుగో రోజు పక్కింటోళ్ళు గోడౌన్ ఊడ్పించారు. ఆ దుమ్ముకి రాత్రి పదింటికి వాడికి పిల్లికూతలు మొదలయ్యాయి. ఇన్హేలర్ నొక్కితే ఉత్త గాలి.

మా తమ్ముడు బండేసుకుని మెడికల్ షాపుకి పోయి అక్కణ్ణుంచి ఫోన్ చేశాడు, "అక్కా, ఆల్బ్యూటెరాల్ అంటే ఎవరికీ తెలీదంట, పేరు సరిగ్గా చెప్పు" అని. నేను స్పెల్లింగ్ చెప్తూ ఏడుపు ఆపుకుంటున్నా. చివరికి ఒంగోలులో తెలిసిన పిల్లల డాక్టరుకి ఫోన్ కలిస్తే ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు, మీరు అక్కడ ఆల్బ్యూటెరాల్ అనేదాన్నే ఇక్కడ సాల్బ్యుటమాల్ అంటారమ్మా, మందు ఒకటే, ఆస్తాలిన్ అని అడగండి, ఇన్హేలర్‌కి తగిలించే స్పేసర్ గొట్టం కూడా తీసుకోండి అని. అంతే. కనిగిరిలో ప్రతి షాపులో ఉండే మందు కోసం ముప్పావుగంట నానా హైరానా పడ్డాం, పేరు తెలియక.

అప్పట్నుంచి నాకో అలవాటైంది. ఆ కాగితం వెనకవైపు ఖాళీలో మా వేసవికి కావలసినవి నేనే రాసుకుంటా. ఎందుకంటే ఆ నర్సమ్మ రాసింది అక్కడే ఉండిపోయే పిల్లల కోసం, ఈతకొలను, సైకిల్ హెల్మెట్, గడ్డిలో పురుగుల కోసం. మా పిల్లల సెలవులు రోహిణి కార్తెలో కనిగిరిలో గడుస్తాయి. వాళ్ళ వేసవి గురించి ఆమెకెట్లా తెలుస్తుంది?

ముందు జ్వరం మందు సంగతి. అక్కడ టైలెనాల్, ఇక్కడ పారాసిటమాల్, రెండూ ఒకటేనని చాలామందికి తెలుసు. తెలియనిది ఏంటంటే చిక్కదనం వేరు. అక్కడి పిల్లల సిరప్ 5 మి.లీ.లో 160 మి.గ్రా. ఉంటుంది. ఇక్కడ ఒక సీసాలో 5 మి.లీ.కి 120 ఉంటుంది, పక్కనే ఉన్న అదే రంగు సీసాలో 250 ఉంటుంది, చంటిపిల్లల చుక్కల మందైతే ఒక్క మి.లీ.లోనే 100 ఉంటుంది. కాబట్టి "ఒక స్పూను పట్టించు" అంటే ఏ సీసాలోంచి అని అడగాల్సిందే. కిలో బరువుకి ఒక్కసారికి 10 నుంచి 15 మి.గ్రా. లెక్క, పిల్లాడి బరువు కాగితం మీద రాసిపెట్టుకుని, సీసా మీది అంకె చూసి, సిరంజితో కొలిచి పోస్తా నేను. మా అమ్మకి ఇది పెద్ద వేడుక. "ఏందే ఇది, పిల్లోడికి జొరమొస్తే లెక్కలు చేసుకుంటా కూర్చుంటావా, మిమ్మల్ని నలుగుర్ని పెంచలేదా నేను" అంటుంది. పెంచింది. కాదనను. కానీ నేను సిరంజి కడిగేలోపు ఆమె ఇంకో స్పూను పట్టించిన రోజు కూడా ఉంది, అందుకే ఇప్పుడు మందు ఇచ్చిన టైము క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాస్తున్నాం, ఇద్దరం. రాయడం మొదట నవ్వులాటగా ఉన్నా అమ్మ ఇప్పుడు బీపీ మాత్రకి కూడా టిక్కు పెట్టుకుంటోంది.

ఎండ గురించి నేను రాసేదేముంది, రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని ఊరికే అనలేదు. టెక్సాస్ ఎండకి అలవాటుపడ్డ పిల్లలే కదా అని నేనూ అనుకునేదాన్ని. అక్కడి ఎండ కారుకీ ఏసీకీ మధ్య పది అడుగులు. ఇక్కడ మా తమ్ముడి పిల్లలతో కలిసి చింతచెట్టు కింద పదకొండింటిదాకా గోలీలాడి, మొహాలు కమిలిపోయి వస్తారు. ముంజలు, మజ్జిగ, నిమ్మకాయ నీళ్ళు ఎంత తాగినా మంచిదే. విరేచనాలు పట్టుకుంటే మాత్రం అవేవీ చాలవు, ఓఆర్ఎస్ ప్యాకెట్ కావాలి, పెద్ద ప్యాకెట్ అయితే పూర్తిగా ఒక లీటరు నీళ్ళలో కలపాలి, చిన్నదైతే దాని మీద రాసినన్ని నీళ్ళలో. సగం ప్యాకెట్ గ్లాసులో కలిపి చిక్కగా తాగించడం తప్పు. ఇన్నాళ్ళూ షాపుల్లో ఓఆర్ఎస్ అని పేరు పెట్టి తియ్యటి పళ్ళరసం డబ్బాలు అమ్మేవాళ్ళు, మేమూ కొని తాగించాం, పిల్లలకి రుచిగా ఉంటుందని. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడితే 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదంది. డబ్బా మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి, అంతే.

కుక్కల గురించి కూడా రాసుకున్నా. మా పాప ఏ కుక్కని చూసినా చెయ్యి చాపుతుంది, అక్కడ ప్రతి కుక్కకీ మెడలో బిళ్ళ, టీకా ఉంటాయి కాబట్టి. ఇక్కడ చిన్న గీత పడినా పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో కడగాలి, ఆరోజే ఆసుపత్రికి పోయి సూది వేయించాలి, ప్రభుత్వ ఆసుపత్రిలో ఊరికే వేస్తారు. ఇక టైఫాయిడ్ టీకా ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందే పడాలి.

ఈ ఏడాది కాగితంలో తట్టు గురించి ఒక పేరా కొత్తగా చేరింది. 2025లో పశ్చిమ టెక్సాస్‌లో తట్టు చెలరేగి 762 మందికి వచ్చింది, ఇద్దరు బడి పిల్లలు చనిపోయారు. ఇది అమ్మకి చెప్తే ఆమె నమ్మలేదు, అమెరికాలో తట్టేంది అంది. తర్వాత కాసేపు మాట్లాడకుండా చిక్కుడుకాయలు ఒలిచింది. "మా చెల్లెలు తట్టుతోనే పోయింది, నీకు చెప్పలా నేను? నాలుగేళ్ళది. గుమ్మానికి వేపాకు కట్టి, చల్లన్నం పెట్టి, దానంతటదే దిగిపోద్దన్నారు." నలభై రెండేళ్ళొచ్చిన నాకు ఆ రోజే తెలిసింది నాకు ఇంకో పిన్ని ఉండేదని. మా పాపకి నాలుగేళ్ళు నిండిన వారంలోనే తట్టు టీకా రెండో డోసు వేయించానని చెప్తే, "మంచి పని చేశావ్" అంది. మా అమ్మ నోట్లోంచి ఆ మాట రావడం ఎంత అరుదో మా ఇంట్లోవాళ్ళకే తెలుసు.

పళ్ళ సంగతి వేరే. అక్కడి డెంటిస్టు ప్రతిసారీ అడుగుతుంది, మీ కుళాయి నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందా అని, ఉంటే మంచిదన్నట్టు. మొదటిసారి అడిగినప్పుడు నేను పకపకా నవ్వేశా, ఆమెకి అర్థం కాలేదు. కనిగిరి పిల్లని ఫ్లోరైడ్ కావాలా అని అడుగుతుందే! అక్కడ లీటరుకి 0.7 మి.గ్రా. ఉండేట్టు నీళ్ళలో కలుపుతారు, పళ్ళు పుచ్చిపోకుండా. మా వైపు బోరు నీళ్ళలో అది భూమిలోంచే ఊరుతుంది, 1.5 మించకూడదని నియమం ఉన్నా చాలా ఊళ్ళలో అంతకన్నా ఎక్కువే. పళ్ళు తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు, ఆ నీళ్ళు తాగినవాళ్ళకి గార పళ్ళు వస్తాయి, తర్వాత ఎంత తోమినా పోదు. నా ముందు పళ్ళ మీద అడ్డంగా గోధుమరంగు చారలుంటాయి. పెళ్ళి ఫోటోల్లో, ఆఫీసు బ్యాడ్జి మీద, అన్నింట్లో నోరు మూసుకునే నవ్వుతా.

మావాడికి ఇవేమీ తెలియవు కదా. బడిలో దంతాల వారం జరిపి బ్రష్షులిచ్చి పంపారు ఒకసారి, ఆ ఉత్సాహంలో అమ్మమ్మ మొహంలోకి చూసి, "అమ్మమ్మా, నువ్వు రోజూ బ్రష్ చెయ్యవా?" అనేశాడు. నేను కోప్పడబోయా. అమ్మ వాణ్ణి దగ్గరికి తీసుకుని, "చేస్తా నాయనా, వేప్పుల్లతో, నీకంటే ముందే లేచి. ఇది మురికి కాదు, మా నీళ్ళ రంగు" అంది. వాడు వెంటనే నా వైపు తిరిగి నా నోరు తెరవమన్నాడు. తెరిచా. ఇంట్లో తాగేవి క్యాన్ నీళ్ళే, ఒక నెలకి వాళ్ళ పళ్ళకేం కాదు, అయినా పళ్ళు తోమేటప్పుడు పాప నీళ్ళు మింగితే నాకు ప్రాణం చివుక్కుమంటుంది.

పేల గురించి చెప్పకపోతే మా పాప ఊరుకోదు. పోయినేడు ఇక్కణ్ణుంచి వెళ్ళాక, అక్కడ బడి తెరిచిన వారానికి నర్సు ఫోన్ చేసింది. ఎంతో మెత్తగా, ఎవరో పోయారని చెప్తున్నట్టు, మీ పాప తలలో పేలు కనిపించాయి, ఇప్పుడే తీసుకెళ్ళక్కర్లేదు, సాయంత్రం నుంచి మందు రాయండి చాలు అంది. నాకేమో తల కొట్టేసినట్టయింది, తరగతిలో అందరికీ పేరు లేకుండా ఉత్తరం వెళ్ళింది, మన తెలుగు తల్లులే నలుగురు ఎవరై ఉంటారు ఎవరై ఉంటారని నాకే మెసేజ్ పెట్టారు. నేనూ ఏమో మరి అని జవాబిచ్చా, సిగ్గులేకుండా. అమ్మకి చెప్తే, "తలన్నాక పేలుండవా, బళ్ళో చేర్చుకోరా ఏంది" అని ఆశ్చర్యం. ఈ ఏడు వచ్చిన మర్నాటి నుంచే రోజూ సాయంత్రం ఆ కార్యక్రమం నడుస్తోంది. వరండా మెట్టు మీద అమ్మ, కింది మెట్టు మీద పాప, తల నిండా కొబ్బరినూనె, ఒడిలో తెల్ల గుడ్డ, పేల దువ్వెన. దొరికినప్పుడల్లా గోళ్ళ మధ్య చిట్ మనిపిస్తూ అమ్మ పళ్ళ సందుల్లోంచి "ఇస్స్" అంటుంది, ఎందుకంటుందో ఆమెకే తెలీదు, వాళ్ళమ్మ కూడా అనేదంట. ఇప్పుడు పాప కూడా, దొరికింది తన తలలోదే అయినా, "ఇస్స్" అంటోంది.

మా పిల్లలు మే చివర్లో దిగుతారు, ఇక్కడి బడులేమో జూన్ 12న తెరుస్తారు. ఏడాదంతా ఎదురుచూసేది ఆ రెండు వారాల కోసమే. పోయిన వారం బడి తెరిచేశారు, తమ్ముడి పిల్లలు కొత్త బ్యాగులేసుకుని పోతున్నారు, మావాళ్ళు సాయంత్రం దాకా గేటు పట్టుకుని ఊగుతున్నారు. నేనూ ఒకరోజు వాళ్ళ వెంట బడికి పోయొచ్చా. ఆగస్టులో నులిపురుగుల మాత్ర ఇస్తామని టీచరమ్మ చెప్పింది, తరగతిలోనే, ఆమే నమిలించేస్తుందంట. మావాడి బడిలో టీచరు దగ్గు బిళ్ళ కూడా ఇవ్వకూడదు, డాక్టరు సంతకం, నా సంతకం, ఫార్మసీ చీటీ అంటించిన అసలు డబ్బా, అన్నీ ఉంటేనే నర్సు ముట్టుకుంటుంది. నాకు రెండూ బాగానే ఉన్నాయి, ఎవరి కారణాలు వాళ్ళకున్నాయి.

అక్కడ ఏడాది చివరి పార్టీకి అమ్మ పంపిన శనక్కాయ ఉండలు తీసుకెళ్దామనుకున్నా ఒకసారి. షాపులో కొన్నవే, సీలు తియ్యనివే, మీద చీటీ ఉన్నవే తేవాలి, శనక్కాయలు అసలే వద్దు అన్నారు. ఆ తరగతిలో ఒక పాపకి శనక్కాయ వాసనకే గొంతు వాస్తుందేమోనని వాళ్ళమ్మకి భయం, ఆ భయం నాకర్థమవుతుంది, పుల్ల ఐసులు పట్టుకుపోయా. మావాడు అప్పట్నుంచి ఏ పొట్లం చేతికిచ్చినా ముందు వెనక తిప్పి చదువుతాడు.

నిన్న సాయంత్రం మా మేనల్లుడు బడి నుంచి వస్తూనే జేబులోంచి చిక్కి తీశాడు. మధ్యాహ్నం అన్నంతో పాటు ఇచ్చింది, బావ కోసమని సగం కొరక్కుండా దాచాడు. ఎండకి బెల్లం కరిగి జేబు గుడ్డకి అంటుకుపోయి ఉంది. మావాడు దాన్ని అటూ ఇటూ తిప్పాడు, చీటీ లేదు.

"ఇందులో శనక్కాయలున్నాయా?" అని అడిగాడు, చాలా సీరియస్‌గా.

మేనల్లుడు నా వైపు చూశాడు, వీడికేమైనా అయిందా అన్నట్టు. "శనక్కాయలు లేకుంటే చిక్కి ఎట్టయిద్ది అత్తా?"