పాత ఎలక్ట్రానిక్ ఆర్గాన్ కొనేముందు

అమెరికాలో పాత ఆర్గాన్లను చాలామంది ఊరికే ఇచ్చేస్తారు, మోసుకుపోయే ఓపిక ఉండాలంతే. అయితే జర్మన్ స్వరకర్త బాక్ రచనల సాధనకు స్పినెట్ రకం పనికిరాదు. దాని ఒక్కో కీబోర్డుకు 44 మెట్లే; కింద ఎడమకాలితో నొక్కే పొట్టి పెడల్స్ 12 లేదా 13. 61 మెట్ల కీబోర్డులు రెండు, 32 పెడల్స్ ఉన్నదాన్ని వెతకాలి.

అరగంట ఆన్ చేసి ఉంచాక, ఒక్కో స్టాప్ (నాదం రకాన్ని ఎంచుకునే మీట) తెరిచి ప్రతి మెట్టూ నొక్కండి. ఒకే మెట్టు చిటపటలాడితే కాంటాక్టులో మురికి. క్లీనర్‌తో సాధారణంగా పోతుంది. ట్రాన్సిస్టర్ ఆర్గాన్లో ఒక స్వరం అన్ని ఆక్టేవుల్లోనూ మూగబోతే ఆ స్వరాన్ని పుట్టించే సర్క్యూట్‌ని, అంటే మాస్టర్ ఆసిలేటర్‌ని అనుమానించాలి. అదే స్వరం పై ఆక్టేవుల్లో పలికి, ఒకచోట నుంచి కింది ఆక్టేవుల్లో పలకకపోతే డివైడర్ (పై స్వరం నుంచి కింది ఆక్టేవులను పుట్టించే సర్క్యూట్) పోయినట్టు. ఏమీ నొక్కకుండానే గుయ్యిమంటుంటే పవర్ సప్లైలో ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి, మార్చడం పెద్ద ఖర్చేం కాదు. పన్నెండు స్వరాలనూ ఒకే చిప్ పుట్టించే మోడల్లో ఆ చిప్పే కాలిపోతే మాత్రం వదిలేయడం మేలు.

హామండ్ టోన్‌వీల్ ఆర్గాన్‌ను (మోటారు తిప్పే పళ్ల చక్రాలతో స్వరాలు పుట్టించే రకం) హైదరాబాద్‌కు పంపే ఆలోచన ఉందా? దాని సింక్రనస్ మోటారు (కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి వేగం ఉండేది) అమెరికా 60 హెర్ట్జ్‌ కరెంటుకు తయారైంది. మన 50 హెర్ట్జ్‌లో శ్రుతి దాదాపు మూడు అర్ధస్వరాలు దిగిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీనే తగ్గిస్తుంది. శ్రుతి నిలవాలంటే ఫ్రీక్వెన్సీ కన్వర్టర్ కావాలి.