రెండడుగుల రాతిగోడ, ఒక అల్యూమినియం రేకు

నంద్యాల దగ్గర మా పాత ఇంటి గోడలు రెండడుగుల మందం. రాయీ మట్టీ పెట్టి కట్టినవి. ఎండాకాలం చల్లగా ఉంటుంది గానీ వైఫై సిగ్నల్ ఒక గది నుంచి ఇంకో గదికి పోదు. రౌటర్ ముందరి హాల్లో ఉంది. నేను పనిచేసే గది వెనక, వసారా మలుపు తిరిగాక వస్తుంది. ఫోన్‌లో చూస్తే అక్కడ మైనస్ 82 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత, సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం). మీటింగ్ మధ్యలో మాట తెగిపోతుంటే ఒకటే టెన్షన్. గోడకు బొక్క కొట్టి కేబుల్ లాగుదామంటే నాయన ఒప్పుకోలేదు. "మట్టితో కట్టిన గోడ రా, ఒక రాయి కదిలితే పైవన్నీ కదులుతాయి" అన్నాడు. ఆ మాట నిజమే.

గోడలోంచి పోనిదాన్ని వసారా మలుపులో తిప్పుదామనుకున్నాను. రేడియో తరంగాలు లోహం మీద పడితే, అద్దం మీద పడిన వెలుగులాగే, పడిన కోణంలోనే తిరిగిపోతాయి. మొదట అట్టకు వంటింటి ఫాయిల్ అంటించి మూలన నిలబెట్టాను. ఏ మార్పూ లేదు. తప్పు ఫాయిల్‌ది కాదు, అంత పల్చటి పొర కూడా ఈ తరంగాలకు చాలు. ఆ అట్ట చిన్నది, పైగా వంగిపోయింది. మా వైఫై 5, 2.4 గిగాహెర్ట్జ్ అని రెండు రకాల తరంగాల మీద నడుస్తుంది. 5 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 6 సెంటీమీటర్లు, 2.4ది 12కి పైనే. రేకు దానికి ఎన్నో రెట్లు పెద్దగా, చదునుగా ఉండాలి.

మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు అల్యూమినియం రేకు కొని చెక్క ఫ్రేముకు బిగించాను. కోణం పట్టడానికి అమ్మ సాయం చేసింది. తలుపులు తెరిచి, రేకు మీద ముఖం చూసుకునే అద్దం ఆనించి పట్టుకుంది. నేను నా కుర్చీలో కూర్చుని "ఇంకొంచెం ఎడమకమ్మా" అంటూ, అద్దంలో రౌటర్ లైటు కనిపించేదాకా ఫ్రేము తిప్పించాను. కనిపించిన చోట నేల మీద చాక్‌పీసుతో గీత గీశాం.

మైనస్ 71! 11 డెసిబెల్స్ పెరిగిందంటే అందే శక్తి పన్నెండు రెట్లయినట్టు. ఇది 5 గిగాహెర్ట్జ్‌లో. 2.4లో మూడు డెసిబెల్సే పెరిగింది, ఆ పొడవు తరంగానికి నా రేకు చాలదు. ల్యాప్‌టాప్‌ను 5కే కలిపి ఉంచాను.

అయితే రేకు సిగ్నల్‌ను పుట్టించదు, ఒక చోటికి పోయేదాన్ని ఇంకో చోటికి మళ్లిస్తుంది. దాని వెనకున్న వంటింట్లో అమ్మ ఫోన్‌కు వైఫై ఆగిపోసాగింది. రేకును అడుగు పక్కకు జరిపి, మళ్లీ అద్దం పట్టి, కొత్త గీత గీశాం. ఇప్పుడు రెండు చోట్లా పనిచేస్తోంది. ఊడ్చేటప్పుడు ఫ్రేము జరిగినా అమ్మే మళ్లీ గీత మీదికి తెచ్చి పెడుతోంది.