పావు కిలో మైదా

లైటార్పేసి పడుకున్నదాన్ని మళ్ళీ లేచి రాస్తున్నాను. "ఆ గ్రూపేనా?" అని మా ఆయన అటు తిరిగారు. ఆ గ్రూపే, మా కాలేజీ పాతవాళ్ళ వాట్సాప్ గ్రూపు.

కాలేజీలో సాహితీ సమితి గది ఖాళీ చేస్తున్నారట. ఇప్పటి కార్యదర్శి రిజిస్టర్లకి ఫోటోలు తీసి పెట్టి, "అక్కా, వీటిని ఏం చేయమంటారు?" అని అడిగింది. "ఫోటోలున్నాయిగా, కాగితాలెందుకు, పాతపేపర్లవాడికి వేసెయ్యమ్మా" అన్నాడు మా బ్యాచ్ అతనే. కింద వరసగా బొటనవేళ్ళు. ఒక్కరైనా ఆ ఫోటోలు పెద్దవి చేసి చూశారా? కుట్టు దగ్గర ప్రతి పేజీలోనూ రెండు మూడు మాటలు మడతలోకి పోయాయి. ఒకచోట తేదీ మీద వేలు అడ్డం. వాట్సాప్‌లో ఫోటోగా వచ్చేసరికి నీలం సిరా అలుక్కుపోయింది. డాక్యుమెంటుగా పంపమ్మా అని చెబుదామంటే అప్పటికే అందరూ రీయూనియన్ కబుర్లలో పడ్డారు.

కంప్యూటర్లోకి ఎక్కితే చాలు, ఇక భయం లేదనుకుంటారు. మన ఉత్తరాలన్నీ ఉన్న యాహూ గ్రూపు ఏమైంది? 2020 డిసెంబరు 15న యాహూ ఆ గ్రూపులనే మూసేసింది. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న పోయింది, కవి సమ్మేళనం ఫోటోలు అందులోనే ఉండేవి. వార్షిక సంచిక పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ చేయించాం. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగు ఉండదు, పిచ్చి గుర్తులుంటాయి. ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగుగానే కనబడే యూనికోడ్‌లోకి మార్చిపెట్టిన నాథుడు లేడు. మిగిలినవల్లా చేత్తో రాసిన ఈ రిజిస్టర్లే.

ఆ ఫోటోల్లో కేష్ బుక్కు పేజీ ఒకటుంది. "మైదా అర కిలో, చార్టులు, స్కెచ్ పెన్నులు." రెండు వరసల కింద, మర్నాటి తేదీతో, మళ్ళీ "మైదా పావు కిలో." చూడగానే ఒళ్ళు ఝల్లుమంది. అది మా గోడపత్రిక! ఆడపిల్లల హాస్టల్ గేటు సాయంత్రం ఆరింటికే మూసేయడం మీద మా రూమ్మేటు రాసిన కవిత అందులో పెట్టాం. అతికించే జిగురుకి హాస్టల్ వంటింట్లో మైదా ఉండకట్టకుండా నేనే ఉడికించాను, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి. తెల్లారేసరికి సరిగ్గా ఆ కవిత ఉన్న మూల చింపేసి ఉంది. మా రూమ్మేటు ఏడవలేదు. మెట్ల మీద కూర్చుని కవిత మళ్ళీ రాసింది, ఇంకో నాలుగు పాదాలు కలిపి. మళ్ళీ పిండి ఉడికించి అతికించాం. మినిట్స్ బుక్కులో మాత్రం "గోడపత్రిక ఆవిష్కరణ దిగ్విజయముగా జరిగినది" అని ఉంది. చింపిన సంగతి గానీ, మళ్ళీ అతికించిన సంగతి గానీ ఆ పావు కిలో మైదాలో తప్ప ఎక్కడా లేదు.

అన్నీ మా ఇంటికే తెచ్చేసుకుందామనుకున్నాను, బీరువా మీద చోటుంది. రాస్తుంటే అదీ సరికాదనిపిస్తోంది. నా తర్వాత ఈ ఇంట్లో ఆ మైదా సంగతి ఎవరికి తెలుస్తుంది? వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో పుట్టింది, అక్కడ పాత పత్రికలు ఇప్పటికీ చూడగలుగుతున్నామంటే ఊరందరి సొత్తు కాబట్టే. అలాగని గ్రంథాలయానికి ఇచ్చేసి ఊరుకోవడానికీ లేదు. 2000 ఆగస్టు వరదలో హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయంలోనే పుస్తకాలు నీట మునిగాయి. అసలు ప్రతులు గ్రంథాలయంలో, శుభ్రమైన స్కాన్లు ఇంకో రెండు చోట్ల ఉండాలి. ఏ పేజీ గురించి ఎవరికేం గుర్తుందో విడిగా కాగితం మీద రాసి జతచేయాలి. చిరుగులకి సెల్లో టేపు మాత్రం ఎవరూ వేయకూడదు, వేసినచోటల్లా పసుపు మరక దిగి అక్షరాలు కనబడటం లేదు.

ఇదంతా గ్రూపులో పెడితే తెల్లవార్లూ వాదన. ఆ పిల్లకే పొద్దున్న ఫోన్ చేస్తాను, పాతపేపర్లవాడు రాకముందే. ఓచర్లు గుచ్చిన ఇనుప తీగ ఆ గది కిటికీకే వేలాడుతుండేది. ఫోటోల్లో అది లేదు. ఎక్కడుందో ముందు అడగాలి.